కాగితం దాటిన గీత

తలుపు మూసుకుంది. లోపల ముగ్గురు పరీక్షకులు, వాళ్ళ ఎదురుగా ఫోల్కర్. బయట నడవాలో తక్కినవాళ్ళందరూ. గంట పడుతుంది, ఎప్పుడైనా గంటే పడుతుంది, పదకొండు నుంచి పన్నెండు దాకా. ఆ గంటలో టోపీ పూర్తి కావాలి. జర్మనీలోని ఈ పరిశోధన సంస్థలో ఎవరు డాక్టరేట్ పరీక్షకు కూర్చున్నా, లోపల వాళ్ళు జవాబులు చెబుతుంటే బయట తోటివాళ్ళు నల్ల అట్టతో టోపీ చేస్తారు. దానిమీద ఆ మనిషి పరిశోధనను, అలవాట్లను వెక్కిరించే బొమ్మలు అంటిస్తారు. తలుపు తెరుచుకోగానే తలమీద పెడతారు. ఇప్పటిదాకా పదకొండు టోపీలు ఇక్కడి సాంకేతిక సహాయకుడు హెర్ నీసన్ చేశాడు. పన్నెండోదానికి ఆయన లేడు. మార్చిలో పోయాడు. అందుకని నడవాకి అటుపక్క ఆయన పనిగదిలో, ఆయన బల్ల ముందు, ఆయన ముక్కాలిపీట మీద ఫోల్కర్ తోటి పరిశోధకురాలు గుడ్రున్ కూర్చుని అట్ట అంచుకు జిగురు రాస్తోంది. మేకుకు ఆయన బూడిదరంగు పనికోటు అలాగే వేలాడుతోంది. తీయాలని ఎవరికీ తోచలేదు, లేదా తోచినా ఎవరూ తీయలేదు. గుడ్రున్ దానివైపు చూడకుండా జిగురు రాస్తోంది, రాస్తూ ఒక్క సంగతే అనుకుంటోంది. ఆ పొర నాది.

పొద్దున పదింటికి అందరిముందూ చేసిన ఉపన్యాసంలో ఫోల్కర్ ఒక ఫోటో వేశాడు. గోరంత గాజుపలక. దానిమీద ఇనుము, మధ్యన క్రోమియం, మళ్ళీ ఇనుము. మూడు పొరలూ కలిపినా వెంట్రుకను మూడువేల ముక్కలుగా చీలిస్తే వచ్చే ముక్కంత మందం ఉండదు. నా మొదటి కొలత దీనిమీదే, అన్నాడు వాడు జేబులో చెయ్యి పెట్టుకుని. పనికిరాని పొరలు పడేసే పెట్టెలో దొరికింది, చీటీ ఊడిపోయింది, ఎవరు చేశారో తెలీదు, హెర్ నీసన్‌ని బతికుండగా అడిగాను, గుర్తులేదన్నారు. జనం నవ్వారు. గుడ్రున్ కూడా నవ్వబోయి ఆగిపోయింది. పలక అంచున తీగలు అంటించే నాలుగు వెండి చుక్కలు, కాంటాక్ట్‌లు. వాటి పక్కనే, గీకేసిన పాత చుక్కల మచ్చలు నాలుగు. రెండు వరుసలూ ఒకే పక్కకు ఒరిగి ఉన్నాయి. వెండి జిగురుతో తీగలు అంటించేటప్పుడు వరుస అటు ఒరిగిందంటే అంటించింది ఎడమచెయ్యి, ఈ సంస్థలో ఎడమచేత్తో పనిచేసేది తనొక్కతే. తన చేతిరాతను గోడంత పెద్దదిగా చూసినట్టయింది. చుట్టూ నలభైమంది కూర్చుని చూస్తున్నారు, ఒక్కరూ చదవలేకపోతున్నారు. ఉపన్యాసం అయి అందరూ కాఫీకి లేచినప్పుడు ఆమె మెట్లు దిగి వచ్చి, పొరలు పోసినప్పుడల్లా నీసన్ రాసిపెట్టే పుస్తకం తీసి చూసింది. 1986, అక్టోబర్ పదహారు. ఇనుము, క్రోమియం, ఇనుము. గుడ్రున్ ఎస్సర్ కోసం. నీసన్ నిలువు అక్షరాలు. కింద పెన్సిల్‌తో తనే రాసిన మాటలు: కాంటాక్ట్ చెడింది, పెట్టెలో వేశాను.

ఆ పుస్తకం ఇప్పుడు బల్లమీదే ఉంది, అట్ట కింద. తలుపు నాలుగడుగుల దూరం. లేచి, తట్టి, పుస్తకం తెరిచి లోపల పరీక్షిస్తున్న ప్రొఫెసర్ టిమ్మర్‌మన్ ముందు పెడితే చాలు. పెట్టకపోతే గంట తర్వాత వాడి తలమీద టోపీ, చేతిలో గ్లాసు, ఇక ఆ పొర ఎవరిదో ఎవరికీ తెలియనిదిగానే అచ్చయిపోతుంది. పెళ్ళివాళ్ళ ఇంట్లో సొమ్ము పోయిందని కేకపెట్టే మనిషిలా అప్పుడు తను అరవగలదా. అరవలేదు. ఇప్పుడే, ఈ గంటలోనే. లేదంటే ఎన్నటికీ లేదు. ఇదంతా అనుకుంటూనే ఆమె చేతులు అట్టను గుండ్రంగా చుట్టి, జిగురు పట్టేదాకా వేళ్ళతో నొక్కి పట్టుకున్నాయి. తనను ఏ పనికి కూర్చోబెట్టినా చేతులు ముందు పని చేస్తాయి. అదే తన జబ్బు.

కిటికీలోంచి చెరకు కాగుతున్నట్టు తీపి వాసన వచ్చింది, కాని అది బీట్‌దుంపల వాసన, అక్టోబర్ వస్తే పంచదార మిల్లు పొగ ఈ ఊరంతటినీ పట్టుకుంటుంది, జుట్టులోకి, కోట్లలోకి, రొట్టెలోకి దూరుతుంది. ఆ రోజు కూడా ఇదే వాసన. మూడేళ్ళ కిందట, కొలత గదిలో, అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య ఆ పలకను బిగించి, కరెంటు పెట్టి, గ్రాఫు కాగితం మీద పెన్ను దించింది. అయస్కాంతం బలం పెంచుతూ పోతే ఇనుములో కరెంటుకు అడ్డు కొద్దిగా మారుతుంది, వెయ్యికి రెండు వంతులు, మహా అయితే మూడు. వందేళ్ళుగా అందరికీ తెలిసిన లెక్క. ఆ లెక్కకు సరిపడేలా, గీతను పెంచి తగ్గించే యంత్రం మీట పెట్టింది, శ్రద్ధగా, కాగితం నిండా గీత వచ్చేలా. మీట తిప్పడం కూడా ఒక మర్యాదే. చిన్నదాన్ని చిన్నదిగానే చూడడానికి సిద్ధపడి కూర్చోవడం. పెన్ను కదిలింది, కాగితం దాటిపోయింది, అంచుకు కొట్టుకుని అక్కడే ఆగి గురగురమంది. పెన్ను కాగితం దాటిందా, ముందు కాంటాక్ట్ చూసుకో అమ్మాయ్, అనేవాడు నీసన్, చేరిన మొదటి వారంలోనే చెప్పాడు, ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. చూసుకుంది. పలక తీసి, వెండి చుక్కలు గీకి, పక్కన కొత్తవి పెట్టి, ఆరబెట్టి, మళ్ళీ బిగించింది. మళ్ళీ దాటింది. ఇంకోసారి గీయించింది, అప్పుడూ దాటింది, ఆ తర్వాత పెట్టెలో పడేసింది. సాయంత్రం అయిదయింది. సైకిల్ మీద ఇంటికెళ్ళి బంగాళాదుంపల సూప్ కాచుకుంది. ఆ రోజు గురించి ఇంతకుమించి గుర్తుంచుకోవాల్సిందేమీ లేదనుకుంది, మూడేళ్ళు.

"ఏం పిల్లా, నిద్రపోతున్నావా జిగురు పట్టుకుని?" అంటూ ఫ్రౌ బ్రాయర్ లోపలికొచ్చింది. సంస్థ కార్యదర్శి, కొలోన్ నగరం మనిషి, యాభై అయిదేళ్ళు. ఆమె గొంతు తలుపు కన్నా ముందు వస్తుంది. చేతిలో రెండు జానల నీలం టై ముక్క. "ఇదిగో, దాచిపెట్టాను చూడు. కిందటేడు ఆడవాళ్ళ కార్నివాల్ గురువారం నాడు ఈ చేతులతోనే కత్తిరించాను మీ ఫోల్కర్ టై. సరిగ్గా పదకొండూ పదకొండుకి. మొత్తుకున్నాడు చూశావూ, అది వాళ్ళ నాన్నదట."

"టోపీకి కుచ్చుగా పెడదామంటారా?"

"మరి? పట్టు కుచ్చు కొనడానికి వాడేమైనా బిషప్పా? ఇది పెట్టు. ఇదుంటేనే వాడి టోపీ."

గుడ్రున్ టై ముక్క తీసుకుంది. ఆడవాళ్ళు మగవాళ్ళ టైలు కత్తిరించే ఆ పండగ గురువారమే వాడి కొలత కూడా. వాడే ఈ పొద్దున చెప్పాడు, దాన్ని కూడా హాస్యంగానే. ఊరంతా వేషాలు వేసుకుని వీధిలో ఉంటే, కొత్తగా చేయించిన పలకల బిగింపు ఒకటి పరీక్షించాల్సి ఉండి వాడొక్కడే కొలత గదికి వచ్చాడు. మంచి పొరలు తీయడానికి బద్ధకం, పెట్టెలోంచి చేతికందింది తీసి బిగించాడు, పెన్ను దించాడు, కాగితం దాటింది. బయట డోళ్ళు వాయిస్తున్నారు, స్నేహితులు కింద ఈలలు వేస్తున్నారు. కాంటాక్ట్ గీకి, మళ్ళీ అంటించి, ఆరేదాకా కూర్చునే ఓపిక ఎవరికుంది? మీట రెండు మెట్లు తిప్పాడు. గీత మొత్తం కాగితంలోకి వచ్చింది. నిండుగా, కొండలా. నూటికి ఒకటిన్నర. మీట రెండు మెట్లు. అంతే. వంటింట్లో మంట తగ్గించినట్టు.

బద్ధకం. ఆ మాట దగ్గరే ఆమె ఈ ఏడాదిన్నరగా ఆగి ఉంది, కొలతలో పడ్డ మొదటి పొర తనదని తెలియకముందు కూడా. నాలుగేళ్ళు ఒకే గదిలో ఎదురెదురు బల్లలు. వాడి బల్లమీద ఆపిల్ తొనలు నల్లబడేవి. కాఫీ కప్పు అడుగున నాచు పట్టేది. వాడు ఈలవేసేవాడు, ఒకే రెండు వరసలు, మూడో వరస ఎప్పటికీ రాదు. తను తన తీగలను రంగుల వారీగా మేకులకు తగిలిస్తే వాడు వాటిలోంచి ఒకటి లాక్కుని తిరిగి ఇచ్చేవాడు కాదు. తను ఏడింటికి వచ్చేది, వాడు పదింటికి. తను ఒక్కో గీతను మూడుసార్లు గీయించేది, వాడు ఒకసారి గీయించి, బావుంది అనేవాడు. ఎందుకు బావుందో అడిగితే భుజాలెగరేసేవాడు. పనికి కూలి దక్కుతుందనుకుంటే ఆ కొండ తన కాగితం మీదికి రావాల్సింది. ఏడు గంటలకు వచ్చే మనిషి దగ్గరికి రావాల్సింది. అది పదింటికి వచ్చి, టై తెగి, తొందరలో ఉన్నవాడి దగ్గరికి పోయింది. పోనీ ఆ కొండను వాడు గౌరవించాడా? మూడు నెలల్లో రాయాల్సిన వ్యాసం ఏడాది తర్వాత రాశాడు, ఆ ఏడాదిలో ఫ్రాన్సులో ఒకచోట, ఈ దేశంలోనే మరోచోట అదే సంగతి ముందే ప్రకటించారు. అప్పుడు కూడా వాడు భుజాలెగరేశాడు. మూడోవాడినైతే ఏమైంది అన్నాడు. మూడోవాడికే ఈ సంస్థలో ఉన్న ఒక్క శాశ్వత ఉద్యోగం వచ్చింది. ఫిబ్రవరి నుంచి గుడ్రున్ పక్క ఊళ్ళో ఆడపిల్లల బళ్ళో ఫిజిక్స్ చెబుతుంది. అయస్కాంతానికి మేకులు అతుక్కుంటాయని చెబుతుంది. అదేం తక్కువ పని కాదు, తనకు పిల్లలంటే ఇష్టమే, ఆ ఉద్యోగం తనే కోరుకుంది. కోరుకున్నదే. అయినా 1986 అక్టోబర్ అంటే ఫోల్కర్ కన్నా ముందు. ఆ ఇద్దరి కన్నా కూడా ముందు కావచ్చు. రెండు మెట్లు.

"ఒక మాట చెప్పు," అంది ఫ్రౌ బ్రాయర్, పెట్టె మీద కూర్చుని, సీసా బిరడాలతో చేసిన రెండు బొమ్మలకు టోపీలు పెడుతూ. "ఈ వ్యాసాన్ని నాలుగుసార్లు టైపు చేశాను. నాలుగుసార్లూ ముక్క అర్థం కాలేదు. వాడు కనిపెట్టిందేమిటి అసలు? నాకు అర్థమయ్యేట్టు చెప్పు. లోపల ఆ పెద్దమనుషులకు అర్థమయ్యేట్టు వద్దు."

చెప్పకూడదనుకుంది. కాని చెప్పడం మొదలుపెడితే నోరు కూడా చేతుల్లాగే, పని చక్కగా చేసుకుపోతుంది. కరెంటు అంటే ఎలక్ట్రాన్ల గుంపు, అంది గుడ్రున్. వాటిలో రెండు జాతులు, స్పిన్ అనే గుణం పైకి ఉన్నవీ కిందికి ఉన్నవీ. వాటిని ఒకరంటే ఒకరికి పడని కొలోన్ వాళ్ళు, డ్యూసెల్‌డార్ఫ్ వాళ్ళు అనుకోండి. ఒక్కో ఇనుప పొరకూ ఒక్కో గుమ్మం, గుమ్మానికో కాపలావాడు. కొలోన్ కాపలావాడు కొలోన్ వాళ్ళను రా రా అని పంపేస్తాడు, డ్యూసెల్‌డార్ఫ్ వాళ్ళను జేబులు తడుముతూ నిలబెడతాడు. రెండోవాడు అందుకు ఎదురు. రెండు గుమ్మాల దగ్గరా ఒకే ఊరి కాపలావాళ్ళుంటే జనంలో సగం పరుగెత్తుకుంటూ దాటిపోతారు. ఒక్కో గుమ్మానికి ఒక్కో ఊరివాడుంటే అందరూ ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటారు. మధ్యలో క్రోమియం సరైన మందంలో ఉంటే ఆ ఇద్దరు కాపలావాళ్ళూ వాళ్ళంతట వాళ్ళే ఎడముఖం పెడముఖంగా నిలబడతారు. అయస్కాంతం వచ్చి రెండోవాణ్ణి కూడా మొదటివాడి ఊరివాణ్ణి చేస్తుంది. దారి తెరుచుకుంటుంది. కరెంటుకు అడ్డు ఒక్కసారిగా పడిపోతుంది.

"అబద్ధం," అంది ఫ్రౌ బ్రాయర్. "కొలోన్ వాణ్ణి డ్యూసెల్‌డార్ఫ్ వాడిగా మార్చే అయస్కాంతం దేవుడు ఇంకా చెయ్యలేదు."

"మారేది డ్యూసెల్‌డార్ఫ్ వాడే."

"అలా చెప్పు! అదీ శాస్త్రమంటే. ఇందుకా ఇంత గొడవ?" ఒక బొమ్మ ఛాతీ మీద ఎర్ర రంగు పూసి, ఇంకోదానికి మొహం మాడినట్టు మూతి గీసింది. "ఎంత తేలిగ్గా చెప్పావే. వాడు చెబితే గంటసేపు నిద్రొచ్చింది. పొరపాటున నిన్ను పెట్టాల్సింది ఆ గదిలో."

ఆ మాటకు గుడ్రున్ జిగురు డబ్బా పక్కకు జరిపింది. పుస్తకం అట్ట కింద ఉంది. ఫ్రౌ బ్రాయర్ చేతికిచ్చి, ఈ పేజీ చదవండి, అంటే చాలు, తను తలుపు తట్టక్కర్లేదు, ఫ్రౌ బ్రాయర్ తలుపులే బద్దలు కొడుతుంది. చెయ్యి పుస్తకం మీదికి వెళ్ళింది. వెళ్ళి, కింద తను పెన్సిల్‌తో రాసిన వరుస గుర్తొచ్చి, అక్కడే ఆగింది. ఆ పొర నాది అని చెప్పడమంటే దాన్ని పారేసింది నేనే అని చెప్పడం. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. పైవరుస చూపించి కింది వరుస మీద వేలు పెట్టి దాచడానికి లేదు. ఫోల్కర్‌కి దొరికింది అని ఇప్పుడందరూ అంటున్నారు. ఆ తర్వాత, గుడ్రున్ చేతిలో ఉండి పోయింది అంటారు. రేపు బళ్ళో కూడా ఎవరో ఒకరికి తెలుస్తుంది. పెన్ను దాటితే కాంటాక్ట్ చెడిందని గీకిన టీచరమ్మ. ఇంకా ముఖ్యంగా, ఎందుకు గీకావు అని అడుగుతారు. నీసన్ చెప్పాడు కనుక, అనాలి. సమాధిమీద ఇంకా రాయి కూడా పెట్టలేదు. చనిపోయిన మనిషి మీదికి వేలు చూపాలి.

హెర్ నీసన్‌కి గుర్తులేదట. పొద్దున ఆ మాట విన్నప్పుడే అది కుదరని మాట అనిపించింది. పదిహేనేళ్ళ కిందట ఏ శుక్రవారం ఏ రాగిరేకు వంగిందో చెప్పే మనిషి. ఫిబ్రవరిలో ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఆయన మంచంమీద చాలా చిన్నగా ఉన్నాడు, పనికోటు లేకుండా ఎప్పుడూ చూడలేదు, మెడ దగ్గర చర్మం పిల్లవాడి చర్మంలా ఉంది. కమలాపండు ఒలిచి పెడితే తినలేదు, చేతిలో పట్టుకున్నాడు. కిటికీవైపు చూస్తూ, నేను నీకు చెప్పింది పాత లోహాల సంగతి అమ్మాయ్, అన్నాడు. ఏది అని అడిగింది. కాంటాక్ట్ సంగతి, అన్నాడు, కొత్త పొరల సంగతి నాకు తెలీదు, తెలీదని చెప్పాల్సింది. జ్వరంలో ఏదో అంటున్నాడనుకుని దుప్పటి సర్దింది. బావుంటారు, వచ్చే టోపీ కూడా మీరే చెయ్యాలి, అంది. ఆయన తల ఊపాడు. అది జ్వరం కాదు. ఆయన ఆ ఒరిగిన చుక్కలను తనకన్నా ఏడాది ముందు గుర్తుపట్టాడు. ఫోల్కర్ పలక తీసుకొచ్చి చూపించినప్పుడే గుర్తుపట్టి ఉంటాడు, గుర్తుపట్టి, గుడ్రున్ పేరు బయటికి రాకుండా, గుర్తులేదని అబద్ధమాడాడు. జన్మలో అబద్ధమాడని మనిషి తనకోసం ఆడాడు. ఆ అబద్ధం వల్ల పరువు నిలిచింది, పొర పోయింది. తర్వాత ఆ సంగతి చెప్పాలని మంచంమీద ప్రయత్నించాడు. తను దుప్పటి సర్దింది. గుడ్రున్ తల తిప్పి మొదటిసారి పనికోటు వైపు చూసింది. మోచేతుల దగ్గర బట్ట ఆయన చేతుల వంపులోనే నిలిచి ఉంది.

ఆయన తనకు చేసిన టోపీ కిందటేడు ఇదే బల్లమీద తయారైంది. దానిమీద గిన్నెలు తోమే కుంచె, కాంటాక్ట్‌లు గీకే చిన్న చాకు, ఒక సబ్బుముక్క. అందరూ పగలబడి నవ్వారు. తనూ నవ్వింది, గర్వంగా. ఇంట్లో బీరువా మీద ఉంది. వాడి టోపీ మీద కార్నివాల్, తన టోపీ మీద సబ్బు.

"మీరేనా గుడ్రున్ గారు?" గుమ్మంలో పొట్టిగా, గుండ్రంగా ఒకావిడ, చేతుల్లో గుడ్డ కప్పిన పళ్ళెం. ఫోల్కర్ తల్లి. ఐఫెల్ కొండల్లోంచి తెల్లవారకముందే బయల్దేరిందట, ప్లమ్ పళ్ళు పరిచి కాల్చిన కేకు రెండు పళ్ళేలు రైల్లో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. "మావాడు మీ పేరు చెప్పని రోజుండదు. గుడ్రున్ తీగలు దాచేసింది, గుడ్రున్ నా కప్పు కడిగేసింది అని. కాస్త చాడీలే అనుకోండి. మీరు కడక్కపోతే వాడికి ఈపాటికి కలరా వచ్చి ఉండేది."

"కూర్చోండి ఫ్రౌ హిల్గర్స్," అంది గుడ్రున్ లేచి.

"కూర్చోను. కాళ్ళు వణుకుతున్నాయి, కూర్చుంటే లేవలేను. అదేనా టోపీ? కాస్త పెద్దదిగా చెయ్యండమ్మా. వాడి తల పుట్టినప్పుడే పెద్దది, నాకు తెలుసు." ఫ్రౌ బ్రాయర్ పకపకా నవ్వి ఆవిణ్ణి రొట్టెలు చూపిస్తానని తీసుకుపోయింది, రొట్టెలమీద రాసే పచ్చి కీమా ఎంత తెప్పించారు, ఉల్లిపాయలు సన్నగా తరిగారా అని ఇద్దరి గొంతులూ నడవా చివరిదాకా వినిపించాయి.

ఒక్కతే మిగిలింది. గడియారం పన్నెండుకు పద్దెనిమిది నిమిషాలు తక్కువ. టోపీ ఇంచుమించు అయిపోయింది, నాలుగు మూలల పలక, నీలం టై కుచ్చు, రెండు గుమ్మాలు, ఇద్దరు కాపలావాళ్ళు. కొలత ఎవరి తలమీద చూడాలి? ఉన్నది తన తలే. పెట్టుకుంది. చక్కగా సరిపోయింది. నీసన్ బీరువా స్టీలు తలుపు మీద మసకగా ఒక మనిషి, నల్ల టోపీ, చెవి పక్కన వేలాడే నీలం ముక్క. బావుంది. చాలా బావుంది. ఆ మసకలో సబ్బుముక్క లేదు. నడవాలో గ్లాసులు గలగలమంటే అవి తనకోసమే అన్నట్టు నిలబడింది, ఎంతసేపో తెలియదు. ఎవరో చూస్తారన్న భయం రాలేదు. ఎవరూ చూడటం లేదన్న బాధ వచ్చింది. తర్వాత తీసేసింది. లోపలి అంచున జిగురుకు తన వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. లాగింది, రాలేదు, గోటితో గీకింది. గీకుతున్న తన వేలిని చూసి ఆపేసింది.

తలుపు తీయలేదు, పుస్తకం ఇవ్వలేదు, గంట అయిపోవచ్చింది. ఇలాగే అయిపోతుందని తనకు ముందే తెలుసు. అడుగు వేయకపోవడానికి కారణాలు దొరికినంత సులభంగా మరేదీ దొరకదు. నీసన్ కోసం అనుకోవచ్చు, పాపం ఆ తల్లి కోసం అనుకోవచ్చు. అలా అనుకుంటే సాయంత్రానికి తను మంచిమనిషి కూడా అయిపోవచ్చు. కాని మంచితనం కాదిది, తెలుసు. వాడు ఏదో ఒక ప్రశ్నకు తడబడాలి, మూడోవాడికి దక్కిన ఆ ఉద్యోగం దగ్గర ఒక్క నిమిషమైనా తల వంచుకోవాలి, అని మనసు లోపలెక్కడో చేతులు జోడించుకుని కూర్చుంది. వాడి బద్ధకానికి దక్కింది, తన శ్రమకు దక్కలేదు. ఆ ఒక్క మాట మీద ఆనుకునే ఆమె ఏడాదిన్నరగా నిలబడి ఉంది. లోకానికి న్యాయం లేదనుకుంటే తనకు పరువు మిగులుతుంది.

పన్నెండుకు అయిదు నిమిషాలు ఉందనగా తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్ టిమ్మర్‌మన్ బయటికొచ్చి, "హెర్ డాక్టర్ హిల్గర్స్!" అన్నాడు. నడవాలో అందరూ చప్పట్లకు బదులు వేళ్ళ కణుపులతో గోడలనూ బల్లలనూ టకటకా తట్టారు. వెనకాల ఫోల్కర్, చొక్కా తడిసి, జుట్టు నుదుటికి అతుక్కుని. ఫ్రౌ బ్రాయర్ సీసా బిరడాకు చుట్టిన తీగ విప్పుతోంది. తల్లి కళ్ళు తుడుచుకుంటోంది. గుడ్రున్ టోపీ రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"టోపీ ఒక్క నిమిషం ఆపండి," అన్నాడు ఫోల్కర్. "ఒక్కదానికి జవాబు చెప్పలేకపోయాను. బాన్ నగరం నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగారు, ఆ మొదటి పొర చేసిందెవరని. తెలీదంటే, పేరు లేకుండా అచ్చుకు పంపనంటున్నారు ప్రొఫెసర్. ఎవరికైనా తెలుసా? మీలో ఎవరిదైనా సరే, సిగ్గుపడకండి, చెప్పినవాళ్ళకి బీరు నాది."

జనం నవ్వారు. ఎవరిదిరా, నీదా, నాదైతే ఈపాటికి నేనే అమ్ముకునేవాణ్ణి కాదా, అని ఒకరినొకరు పొడుచుకున్నారు. ఆ నవ్వుల్లో గుడ్రున్ గొంతు చిన్నగానే వచ్చింది.

"నాది."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. టోపీ పక్కన పెట్టి, పుస్తకం తీసి, పేజీ తెరిచి ప్రొఫెసర్ చేతికిచ్చింది. "అక్టోబర్ ఎనభై ఆరు. హెర్ నీసన్ పోశారు. కొలిచింది నేను. పెన్ను కాగితం దాటింది. కాంటాక్ట్ చెడిందనుకున్నాను. గీకి మళ్ళీ పెట్టాను, మళ్ళీ దాటింది. పెట్టెలో వేశాను." అంతా చెప్పేసింది, పైవరుస, కింది వరుస. నీసన్ చెప్పిన మాట మాత్రం చెప్పలేదు. "మేరీ తల్లీ," అంది ఫ్రౌ బ్రాయర్ నెమ్మదిగా. సీసా ఆమె చేతుల్లోనే ఆగిపోయింది.

వాడి మొహం చూసింది గుడ్రున్. ఈ గంటంతా ఊహించుకున్న మొహాలన్నీ సిద్ధంగా పెట్టుకుంది. ఎర్రబడేది, చిన్నబోయేది, తడుముకుని క్షమాపణ చెప్పేది, జాలిపడేది. దేనికైనా సిద్ధమే. ఫోల్కర్ కళ్ళు మాత్రం ఎవరో దీపం వెలిగించినట్టు తెరుచుకున్నాయి. టోపీని, తల్లిని, ప్రొఫెసర్‌ని మరిచిపోయి రెండడుగులు దగ్గరికి వచ్చేశాడు.

"ఎటు దాటింది? పైకా, కిందికా?"

"కిందికి."

"అయస్కాంతం తగ్గించుకుంటూ వస్తే?"

అడిగేదాకా ఆ సంగతి తన దగ్గర ఉందని ఆమెకు తెలియదు. పెన్ను గురగురమంటూ అంచున ఆగడమే గుర్తుంది, మూడేళ్ళుగా అదొక్కటే. ఇప్పుడు వాడు అడగ్గానే చెయ్యి అయస్కాంతం మీటను వెనక్కి తిప్పడం, పెన్ను అంచు వదిలి లేవడం, కాగితం మీదికి రావడం కనిపించాయి, బీట్‌దుంపల వాసనతో సహా. "వెనక్కి వచ్చింది," అంది.

"ఎక్కడికి? బయల్దేరిన చోటికేనా?"

"అదే గీతమీదికి."

"ధ్రువాలు మార్చి అటువైపు పెంచితే?"

"మళ్ళీ కిందికే. అంతే దూరం, అదే చోట దాటింది."

ఊడిన కాంటాక్ట్ అలా చెయ్యదు. ఊడిన కాంటాక్ట్ వెళ్ళినదారినే తిరిగి రాదు, రెండువైపులకూ ఒకేలా వంగదు. ఆ మాట వాడు పైకి అనలేదు, అనక్కర్లేదు, బడిపిల్లలకు కూడా తెలిసేది. ఆ మధ్యాహ్నం ఆ కొండ మొత్తం తన ఎదుటే నిలబడింది. కాగితం అంచు అవతల ఉన్నంత మాత్రాన లేకుండా పోలేదు. తను చూసింది. చూసి, అడగలేదు. వాడు బద్ధకంతో మీట తిప్పాడనుకుంది, తొందరలో తిప్పాడనుకుంది, కార్నివాల్ డోళ్ళ వల్ల అనుకుంది. ఎన్ని అనుకుంది. వాడికి తెలుసుకోవాలనిపించింది. అంతే. అలా దాటితే అటువైపు ఏముందో అని. ఈ నిమిషంలో, చొక్కా తడిసి, తల్లి చూస్తుండగా, వాడి పేరుకు ముందు వేరే పేరు పడుతుందని విన్న మరుక్షణం కూడా వాడికి అదే అనిపించింది. ఆ అనిపించడం తనకు లేదు. ఏడింటికి వచ్చినా రాదు. ఇన్నాళ్ళూ వాడి అదృష్టాన్ని చూసి కుళ్ళుకుంది. అది చాలా తేలికైన కుళ్ళు అని, అసలుది ఇప్పుడే మొదలైందని ఆమెకు అర్థమైంది.

ఫోల్కర్ ఇంకా ఆమె మొహంలోకే చూస్తున్నాడు, కాగితం మీద గీతను చూసినట్టు, ఇష్టంగా.

"ఎన్నిసార్లు చూశావ్ గుడ్రున్?"

తను ఏ గీతనైనా ఎన్నిసార్లు గీయిస్తుందో వాడికి తెలుసు. అయినా అడిగాడు. అబద్ధం చెప్పడానికి తగినంత సమయం ఉంది.

"మూడుసార్లు," అంది.